తూటా పేలకముందే: అమెరికాలో పోలీసు బలప్రయోగం ఎలా తయారవుతుంది?

క్లుప్తంగా

అమెరికాలో ఏటా సుమారు వెయ్యి మంది పోలీసు కాల్పుల్లో చనిపోతున్నారు. ప్రతిసారీ చర్చ కొన్ని సెకన్ల వీడియో చుట్టూనే తిరుగుతుంది: చేతిలో ఏముంది, ముందు ఎవరు కదిలారు, అధికారి నిజంగా భయపడ్డాడా. ఆ సెకన్ల దాకా ఇద్దరినీ తెచ్చి నిలబెట్టిన కారణాల గురించి మాట్లాడేవారు తక్కువ. చిన్న తప్పుకూ ఆపి నిలదీసే అధికారం, జరిమానాల మీద బతికే పురపాలికలు, మనసు బాగాలేని మనిషి దగ్గరికీ తుపాకీతోనే వెళ్లే పద్ధతి, తప్పు జరిగాక బిల్లు వేరేవాళ్లు కట్టే ఏర్పాటు. అసలు సమస్య వీటిలో ఉందన్నది ఈ వ్యాసం వాదన.

ముందు లెక్కలు

వాషింగ్టన్ పోస్ట్ పత్రిక 2015 నుంచి 2024 చివరిదాకా పోలీసు కాల్పుల మరణాలను ఒక్కొక్కటిగా నమోదు చేసింది. మొదట్లో ఏటా వెయ్యికి కాస్త అటూ ఇటూగా ఉన్న సంఖ్య చివరి ఏళ్లలో వెయ్యి దాటింది. ఒక పత్రిక ఈ పని నెత్తికెత్తుకోవలసి వచ్చిందంటే, ప్రభుత్వం దగ్గర నమ్మదగిన లెక్క లేకపోవడమే కారణం. ఎఫ్‌బీఐ 2019లో జాతీయ స్థాయి సేకరణ మొదలుపెట్టింది గానీ, వివరాలు పంపాలా వద్దా అన్నది ఆయా పోలీసు శాఖల ఇష్టానికే వదిలేసింది. ఇంగ్లండ్, వేల్స్ రెండింటిలో కలిపి ఇలాంటి మరణాలు సాధారణంగా ఏటా వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్నే. జనాభా తేడాను సర్దుబాటు చేసి చూసినా ఈ అంతరం ఎన్నో రెట్లు.

ఇక జాతి విషయం. ఇక్కడే పాఠకులకు ఎక్కువ గందరగోళం. చనిపోయినవారిలో సంఖ్యాపరంగా తెల్లవారే ఎక్కువ. అది నిజం. జనాభాలో నల్లజాతివారు 13-14 శాతం, పోలీసు కాల్పుల మృతుల్లో పావు వంతుకు పైగా. అదీ నిజమే. జనాభా నిష్పత్తిలో చూస్తే నల్లజాతివారు చనిపోయే రేటు తెల్లవారి రేటుకు రెట్టింపు కంటే ఎక్కువ. పోల్చవలసింది జనాభాతో కాదు, పోలీసులకు ఎవరు ఎన్నిసార్లు ఎదురుపడుతున్నారన్న దానితో అని కొందరు పరిశోధకులు వాదిస్తారు. ఆ వాదనలో ఒక చిక్కు ఉంది. ఎవరిని ఆపాలో, ఏ వీధిలో కాపు కాయాలో నిర్ణయించేది పోలీసులే. ఆపడంలోనే పక్షపాతం ఉంటే, ఆపినవాళ్లతో పోల్చిన లెక్కలో ఆ పక్షపాతం కనిపించకుండా పోతుంది. అందుకే బలప్రయోగాన్ని అర్థం చేసుకోవాలంటే కాల్పుల కంటే ముందు ఆపడం దగ్గర మొదలుపెట్టాలి.

ఒక దేశం, పద్దెనిమిది వేల పోలీసు శాఖలు

ఆంధ్రప్రదేశ్‌లోనో తెలంగాణలోనో పోలీసు అంటే రాష్ట్రం మొత్తానికీ ఒకే శాఖ, పైన ఒక డీజీపీ. అమెరికాలో అలాంటి పైవాడు లేడు. నగరానికో పోలీసు శాఖ, కౌంటీకో (జిల్లా లాంటి ప్రాంతానికో) షెరీఫ్ అనే పోలీసు అధిపతి, రాష్ట్రానికో హైవే గస్తీ, విశ్వవిద్యాలయానికి వేరే పోలీసులు, కొన్నిచోట్ల స్కూలు జిల్లాకూ, మెట్రో రైలుకూ వేరే. అన్నీ కలిపి దాదాపు 18,000. చాలా కౌంటీల్లో షెరీఫ్ ఎన్నికల్లో గెలిచి వచ్చే మనిషి, కాబట్టి ఆయనను బదిలీ చేసే పైఅధికారి అంటూ ఉండడు. మిస్సోరీలోని సెయింట్ లూయిస్ కౌంటీ ఒక్కదానిలోనే తొంభైకి అటూ ఇటూగా పురపాలికలు ఉన్నాయి. వాటిలో చాలా వాటికి సొంత పోలీసులు, సొంత కోర్టులు ఉండేవి.

ఇంత చెల్లాచెదురు వ్యవస్థలో ఒక ఊళ్లో పనికిరాడన్న మనిషి పక్క ఊళ్లో యూనిఫాం వేసుకోగలడు. 2014 నవంబరులో క్లీవ్‌లాండ్‌లో పన్నెండేళ్ల టామిర్ రైస్ పార్కులో బొమ్మ తుపాకీతో ఆడుకుంటుంటే, పోలీసు కారు వచ్చి ఆగిన రెండు సెకన్లలో అతన్ని కాల్చేశారు. అత్యవసర సాయం నంబరు 911కు ఫోన్ చేసిన వ్యక్తి అది బహుశా నకిలీ తుపాకీ అయ్యుండొచ్చనీ, ఉన్నది పిల్లవాడై ఉండొచ్చనీ చెప్పాడు. ఆ మాట కారులో ఉన్న అధికారులకు చేరలేదు. కాల్చిన అధికారి అంతకుముందు ఇండిపెండెన్స్ అనే చిన్న పట్టణంలో పనిచేశాడు. అతను ఈ ఉద్యోగానికి తగడని అక్కడి పైఅధికారులు రాసిపెట్టిన కాగితాలు ఫైల్లో ఉన్నాయి. క్లీవ్‌లాండ్ ఆ ఫైలు తెప్పించుకుని చూడలేదు. కేసు పెట్టాలో వద్దో తేల్చే పౌరుల బృందం, గ్రాండ్ జ్యూరీ, అతనిపై అభియోగం మోపలేదు. నగరం కుటుంబానికి 60 లక్షల డాలర్లు చెల్లించింది. 2017లో అతని ఉద్యోగం పోయింది, కానీ కాల్చినందుకు కాదు, ఉద్యోగ దరఖాస్తులో నిజం దాచినందుకు.

శిక్షణ కాలం ఇంకో తేడా. అమెరికా పోలీసు అకాడమీల్లో ప్రాథమిక శిక్షణ సగటున 830 గంటల చుట్టూ ఉంటుంది, అంటే సుమారు ఐదు నెలలు. జర్మనీలో రెండున్నర నుంచి మూడేళ్లు. నార్వే, ఫిన్లండ్‌లలో మూడేళ్ల డిగ్రీ. గంటలు తక్కువైనప్పుడు ముందుగా కోత పడేది మాటలతో గొడవ చల్లార్చే పాఠాలకే. తుపాకీ సాధనకు కేటాయించే సమయం వాటి కంటే చాలా ఎక్కువ.

కారు ఆపిన ఆ నిమిషం

సాధారణ అమెరికన్‌కు పోలీసు ఎదురుపడేది ఎక్కువగా రోడ్డు మీదే. ఏటా సుమారు రెండు కోట్ల ట్రాఫిక్ స్టాప్‌లు జరుగుతాయని అంచనా. వీటికి సుప్రీంకోర్టు ఇచ్చిన వెసులుబాటు చాలా పెద్దది. 1977 నాటి మిమ్స్ తీర్పు ప్రకారం ఆపిన ప్రతి డ్రైవర్నీ దిగమని ఆదేశించవచ్చు. 1996 నాటి రెన్ తీర్పు ఇంకో మెట్టు పైకి వెళ్లింది. ఏదో ఒక ట్రాఫిక్ తప్పు దొరికితే చాలు, అధికారి మనసులో ఉన్న అసలు ఉద్దేశం వేరైనా ఆ స్టాప్ చెల్లుతుంది. ఇండికేటర్ వేయలేదు, వెనక లైటు వెలగడం లేదు, అద్దానికి ఏదో వేలాడుతోంది. ఎవరి బండిలోనైనా వెతికితే ఏదో ఒకటి దొరకకపోదు. 2001లో అట్‌వాటర్ కేసులో కోర్టు మరీ స్పష్టంగా చెప్పింది. టెక్సస్‌లో ఒక తల్లి ఇద్దరు పిల్లలతో వెళ్తూ సీటు బెల్టు పెట్టుకోలేదు. ఆ తప్పుకు గరిష్ఠ జరిమానా 50 డాలర్లు. అధికారి ఆమెకు బేడీలు వేసి స్టేషన్‌కు తీసుకెళ్లాడు. జైలు శిక్షే లేని తప్పుకు అలా అరెస్టు చేయడం రాజ్యాంగ విరుద్ధం కాదని కోర్టు 5-4 మెజారిటీతో తేల్చింది.

ఇప్పుడు దీనికి తుపాకుల సంగతి కలపాలి. ప్రజల చేతుల్లో 39 కోట్లకు పైగా తుపాకులు ఉన్నట్టు 2018 నాటి అంచనా. అంటే జనాభా కంటే ఎక్కువ. అందుకే ప్రతి కారులోనూ తుపాకీ ఉండొచ్చన్న అంచనాతోనే అధికారి కిటికీ దగ్గరికి వస్తాడు. అకాడమీలో చూపించే వీడియోల్లో ట్రాఫిక్ స్టాప్‌లో చనిపోయిన పోలీసులవి ఉంటాయి. భయం కల్పితం కాదు, దానికి ఆధారం ఉంది. కానీ ఆ భయాన్ని ఏడాదికి రెండు కోట్ల సార్లు, అదీ ఎక్కువగా వెనక లైట్ల కోసం, రోడ్డు మీదికి తీసుకురావాలా అన్నది వేరే ప్రశ్న. ఆ ప్రశ్న వేసుకున్న చోట్లు ఉన్నాయి. వర్జీనియా 2021లో, ఫిలడెల్ఫియా 2022లో కేవలం కొన్ని చిన్న తప్పులను కారణంగా చూపి బండి ఆపడాన్ని నిషేధించాయి.

కొత్తగా వెళ్లిన తెలుగువాళ్లకు ఇది ప్రాణం మీదికి తెచ్చే తేడా. మన దగ్గర పోలీసు ఆపితే బండి దిగి, కాగితాలు పట్టుకుని ఆయన దగ్గరికి వెళ్లడం మర్యాద. కారులో కూర్చునే ఉంటే పొగరనుకుంటారు. అక్కడ అడగకుండా డోరు తీసి దిగితే దాన్ని దాడిగా చూస్తారు. చేతులు స్టీరింగ్ మీద కనిపించేలా పెట్టి కూర్చోవాలి. డాష్‌బోర్డు అరలో కాగితాలు ఉంటే ఆ మాట ముందే చెప్పి, సరే అన్నాకే తీయాలి. పిల్లల దగ్గరికి వెళ్లే పెద్దవాళ్లకు ఈ సంగతులు ఎవరూ చెప్పరు. 2015 ఫిబ్రవరిలో అలబామాలోని మాడిసన్‌లో, కొడుకు ఇంటికి వచ్చిన ఒక గుజరాతీ పెద్దాయన కాలనీలో నడుస్తుంటే ఎవరో అనుమానంతో పోలీసులకు ఫోన్ చేశారు. ఆయనకు ఇంగ్లిష్ రాదు. వచ్చిన అధికారి ఆయన్ని ముఖం నేలకు తగిలేలా కింద పడేశాడు. మెడ దగ్గర వెన్నుకు దెబ్బతగిలి శరీరం పాక్షికంగా చచ్చుబడింది. ఆ అధికారిపై రెండుసార్లు విచారణ జరిగింది. రెండుసార్లూ జ్యూరీ ఏకాభిప్రాయానికి రాలేదు. చివరికి జడ్జి అతన్ని నిర్దోషిగా వదిలేశారు.

చట్టం ఎక్కడి నుంచి చూస్తుంది?

అలాంటి తీర్పులు ఎందుకు వస్తాయో తెలియాలంటే 1984 నవంబరులో నార్త్ కరొలినాలోని షార్లట్‌లో జరిగిన ఒక ఘటన చూడాలి. మధుమేహం ఉన్న డెథోర్న్ గ్రాహమ్‌కు ఒంట్లో చక్కెర పడిపోతున్నట్టు అనిపించింది. నారింజ రసం కొనుక్కుందామని స్నేహితుడి కారులో దుకాణానికి వెళ్లాడు. లోపల వరస పొడుగ్గా ఉంది. ఆగలేక గబగబా బయటికొచ్చి, దగ్గర్లో ఇంకొకరి ఇంటికి పోనిమ్మన్నాడు. ఆ హడావుడి ఒక పోలీసు అధికారి కంట్లో పడింది. కొంత దూరం వెంబడించి కారు ఆపాడు. షుగర్ పడిపోయిందని స్నేహితుడు చెప్పినా, దుకాణంలో ఏం జరిగిందో తేలేదాకా ఆగమన్నాడు. గ్రాహమ్ కారు దిగి దాని చుట్టూ రెండుసార్లు పరిగెత్తి, కూలబడి, కాసేపు స్పృహ తప్పాడు. అదనంగా వచ్చిన పోలీసులు తాగి ఉన్నాడనుకుని బిగుతుగా బేడీలు వేశారు, ముఖాన్ని కారు బానెట్‌కేసి అదిమారు, తర్వాత పోలీసు కారులోకి తోశారు. ఎవరో నారింజ రసం తెచ్చినా తాగనివ్వలేదు. దుకాణంలో ఏ నేరమూ జరగలేదని కబురు వచ్చాక ఇంటి దగ్గర దింపి వెళ్లారు. అప్పటికి పాదంలో ఎముక విరిగింది, మణికట్లు కోసుకుపోయాయి, నుదురు కమిలింది, భుజం దెబ్బతింది.

ఈ కేసులో 1989లో సుప్రీంకోర్టు పెట్టిన కొలతే నేటికీ దేశమంతటా నడుస్తోంది. బలప్రయోగం సరైనదా కాదా అన్నది ఆ సమయంలో అక్కడ ఉన్న సహేతుకమైన అధికారి దృష్టి నుంచి చూడాలి. తీరిగ్గా, జరిగిపోయాక తెలిసిన విషయాలతో తూచకూడదు. అధికారికి దురుద్దేశం ఉందా లేదా అన్నది లెక్కలోకి రాదు. గ్రాహమ్ కేసు కింది కోర్టుకు తిరిగి వెళ్లాక జ్యూరీ పోలీసుల పక్షానే నిలిచింది.

అంతకు నాలుగేళ్ల ముందు, 1985లో, గార్నర్ కేసులో ఇదే కోర్టు ఒక గట్టి గీత గీసింది. మెంఫిస్‌లో ఒక ఇంట్లో దొంగతనం చేసి కంచె ఎక్కి పారిపోతున్న పదిహేనేళ్ల కుర్రాణ్ని, చేతిలో ఆయుధం లేదని దాదాపు రూఢిగా తెలిసీ పోలీసు కాల్చి చంపాడు. కుర్రాడి దగ్గర దొరికినవి ఒక పర్సు, పది డాలర్లు. ప్రాణాపాయం కలిగించే మనిషి అయితే తప్ప పారిపోతున్నవాణ్ని కాల్చకూడదని కోర్టు తేల్చింది. ఈ తీర్పు నిజంగానే పోలీసు నియమావళులను మార్చింది. కానీ నాలుగేళ్లకు వచ్చిన కొలత మళ్లీ చాలా విషయాలను అధికారి అంచనాకే వదిలేసింది.

యూరప్‌లో కొలత వేరు. మానవ హక్కుల ఒప్పందంలోని రెండో అధికరణ ప్రకారం ప్రాణం తీసే బలం తప్పనిసరి అయితేనే వాడాలి. ఒక అధికారికి సబబుగా తోచిందా అని అడగడానికీ, వేరే దారి నిజంగా లేదా అని అడగడానికీ మధ్య ఉన్న ఖాళీలో చాలా ప్రాణాలు పోతాయి. కాలిఫోర్నియా 2019లో తన చట్టాన్ని ఈ రెండో ప్రశ్న వైపు కొంత జరిపింది.

గ్రాహమ్ కొలతతో వచ్చిన అసలు చిక్కు కాలం కొలతలో ఉంది. కొన్ని ఫెడరల్ అప్పీలు కోర్టులు ప్రమాదం ఎదురైన ఆ క్షణాన్ని మాత్రమే చూశాయి. ఆ ప్రమాదాన్ని అధికారే తెచ్చిపెట్టుకున్నా పట్టించుకోలేదు. 2016లో హ్యూస్టన్ దగ్గర టోల్ రుసుము కట్టని కారును ఒక అధికారి ఆపాడు. కారు కదలడం మొదలుకాగానే అతను దాని తలుపు గడప మీదికి ఎక్కి, లోపలికి రెండుసార్లు కాల్చాడు. డ్రైవరు చనిపోయాడు. కింది కోర్టులు గడప మీద వేలాడుతున్న ఆ రెండు సెకన్లనే లెక్కలోకి తీసుకున్నాయి. 2025 మేలో బార్న్స్ కేసుగా ఇది సుప్రీంకోర్టుకు చేరినప్పుడు, అలా ఒక్క క్షణానికి కళ్లకు గంతలు కట్టుకోకూడదు, జరిగినదంతా చూడాలి అని న్యాయమూర్తులందరూ ఏకగ్రీవంగా చెప్పారు. అయితే అధికారి తనంతట తాను ప్రమాదం సృష్టించుకుంటే దాన్ని ఎలా తూచాలన్నది తేల్చలేదు.

జరిమానాలే ఆదాయమైతే

2014 ఆగస్టు 9న, పైన చెప్పిన సెయింట్ లూయిస్ కౌంటీలోని ఫెర్గసన్‌లో మైకేల్ బ్రౌన్ అనే యువకుడు పోలీసు కాల్పుల్లో చనిపోయాక పట్టణం భగ్గుమంది. ఆ కాల్పుల విషయంలో అధికారిపై కేసు నిలిచే ఆధారాలు లేవని కేంద్ర న్యాయశాఖ తేల్చింది. కానీ అదే రోజు, 2015 మార్చి 4న, అది విడుదల చేసిన రెండో నివేదిక ఆ పట్టణ పోలీసు శాఖ నడిచే తీరును బయటపెట్టింది. కోపం ఒక్క కాల్పుల వల్ల రాలేదని ఆ నివేదిక చదివితే అర్థమవుతుంది.

ఫెర్గసన్ జనాభా 21,000. 2014 డిసెంబరు నాటికి అక్కడి పురపాలక కోర్టు జారీ చేసిన, ఇంకా అమల్లో ఉన్న అరెస్టు వారెంట్లు 16,000 మందికి పైగా మీద ఉన్నాయి. వాళ్లలో చుట్టుపక్కల ఊళ్లవాళ్లూ ఉన్నారు. బడ్జెట్‌లో జరిమానాల లక్ష్యం ముందే రాసుకునేవారు. చలానాలు గట్టిగా పెంచకపోతే వచ్చే ఏడాది వసూళ్లు పెద్దగా పెంచడం కష్టమని నగర ఆర్థికాధికారి పోలీసు చీఫ్‌కు రాసిన మాట నివేదికలో ఉంది. జనాభాలో నల్లజాతివారు 67 శాతం. ఆపిన వాహనాల్లో 85 శాతం, చలానాల్లో 90 శాతం, అరెస్టుల్లో 93 శాతం వాళ్లవే.

ఆ నివేదికలో ఒక మహిళ కథ ఉంది. 2007లో ఆమె ఒక్కసారి కారు తప్పు చోట ఆపింది. రెండు చలానాలు, 151 డాలర్లు, ఆపైన రుసుములు. చేతిలో డబ్బు లేదు. కొంతకాలం తలదాచుకునే ఇల్లు కూడా లేదు. కోర్టు వాయిదాలు తప్పాయి, కట్టవలసిన గడువులు తప్పాయి. తప్పిన ప్రతిసారీ కొత్త వారెంటు, కొత్త రుసుము. రెండుసార్లు అరెస్టయింది. ఆరు రోజులు జైల్లో ఉంది. 550 డాలర్లు కట్టింది. ఏడేళ్ల తర్వాత, 2014 డిసెంబరులో, ఆమె ఇంకా 541 డాలర్లు బాకీ ఉంది.

ఇలాంటి వ్యవస్థలో పోలీసుకు మనిషి ఖాతాదారుగా కనిపిస్తాడు, మనిషికి పోలీసు వసూలుదారుగా కనిపిస్తాడు. వారెంటు ఉన్న మనిషి కారు ఆపగానే పారిపోవాలని చూస్తాడు. పారిపోవడం అనుమానాన్ని పెంచుతుంది, అనుమానం చేయి తుపాకీ మీదికి తీసుకెళ్తుంది. పార్కింగ్ తప్పు దగ్గర మొదలైనది ప్రాణాపాయం దాకా వెళ్లే దారి ఇది.

గస్తీ చరిత్ర, జైళ్ల లెక్క

అమెరికా పోలీసు మూలం ఒక్కటే కాదు. దక్షిణాదిలో 1700ల తొలి ఏళ్ల నుంచే బానిస గస్తీ దళాలు ఉండేవి. రాత్రిపూట రోడ్ల మీద కనిపించిన నల్లజాతివారి దగ్గర యజమాని చీటీ ఉందో లేదో చూడటం వాటి పని. బోస్టన్ 1838లో, న్యూయార్క్ 1845లో లండన్ నమూనాలో వేతన పోలీసులను పెట్టుకున్నాయి. వలసవచ్చిన పేదలను, సమ్మె చేసే కార్మికులను అదుపులో ఉంచడం వాళ్ల పనిలో పెద్ద భాగం. రెండు దారుల్లోనూ నేరాన్ని ఛేదించడం కంటే, ఎవరు ఎక్కడ తిరగవచ్చో చూడటం ముందు వచ్చింది. నేటి ప్రతి అధికారినీ ఆ చరిత్రకు వారసుడిగా చూడటం సరికాదు. ఆపి చీటీ అడిగే అలవాటు మాత్రం వేషం మార్చుకుని కొనసాగింది.

1968లో టెర్రీ తీర్పు, సహేతుకమైన అనుమానం ఉంటే ఆపి పైపై సోదా చేసే అధికారం ఇచ్చింది. 1982లో వచ్చిన పగిలిన కిటికీల సిద్ధాంతం, చిన్న తప్పులను ఉపేక్షిస్తే పెద్ద నేరాలు వస్తాయంది. న్యూయార్క్‌లో ఈ రెండూ కలిసి 2011లో ఒక్క ఏడాదిలో 6,85,000కు పైగా స్టాప్‌లుగా తేలాయి. ఆపినవాళ్లలో పదిమందికి దాదాపు తొమ్మిదిమంది ఏ తప్పూ లేకుండా ఇంటికి వెళ్లినవారే. ఎక్కువమంది నల్లజాతి, లాటినో యువకులు. 2013లో ఫెడరల్ జడ్జి షిరా షైండ్లిన్ ఇది అమలవుతున్న తీరు రాజ్యాంగ విరుద్ధమని తీర్పిచ్చారు. స్టాప్‌లు ఆపితే నేరాలు విజృంభిస్తాయని నగర పాలకులు హెచ్చరించారు. 2017 నాటికి స్టాప్‌లు 12,000 లోపుకు పడిపోయాయి. హత్యలు 2011లో 515, 2017లో 292. హత్యలు తగ్గడానికి వేరే కారణాలూ ఉన్నాయి. కానీ లక్షల మందిని గోడకు నిలబెట్టడం అందుకు అవసరం కాలేదన్నది ఈ అంకెలతో తేలిపోయింది.

నియంత్రణ వీధితో ఆగదు. 1971లో నిక్సన్ మాదకద్రవ్యాల మీద యుద్ధం ప్రకటించాక జైళ్లు నిండడం మొదలై, 2008 నాటికి ఖైదీల సంఖ్య 23 లక్షల చుట్టూ చేరింది. ఇప్పుడు 19 లక్షలకు అటూ ఇటూ. ప్రొబేషన్, పెరోల్ కింద, అంటే జైలు బయట షరతుల మీద, ఉన్నవారు ఇంకో 35 లక్షలకు పైనే. వాళ్లకు ఒక చిన్న స్టాప్ కూడా తిరిగి జైలుకు దారి కావచ్చు.

మనసు బాగాలేనివారి దగ్గరికి ఎవరు వెళ్లాలి?

వాషింగ్టన్ పోస్ట్ లెక్కలో చనిపోయినవారిలో సుమారు ఐదుగురిలో ఒకరికి మానసిక అనారోగ్యం ఉంది. గత శతాబ్దపు రెండో సగంలో పెద్ద మానసిక ఆసుపత్రులు మూతపడుతూ వచ్చాయి. వాటి స్థానంలో రావలసిన సామాజిక కేంద్రాలు కావలసినన్ని రాలేదు. మిగిలింది 911. కొడుకు కత్తి పట్టుకుని అరుస్తున్నాడని తల్లి సాయం కోసం ఫోన్ చేస్తే, వచ్చేది కత్తి వదలమని గట్టిగా ఆదేశించే శిక్షణ పొందిన మనిషి. భ్రమలో ఉన్నవారికి ఆ అరుపు అర్థం కాదు. ఆదేశం పాటించకపోవడాన్ని తిరుగుబాటుగా లెక్కగడతారు.

దీనికి మందు తెలియనిదేమీ కాదు. డెన్వర్‌లో 2020 జూన్‌లో స్టార్ అనే కార్యక్రమం మొదలైంది. కొన్ని రకాల పిలుపులకు పోలీసులకు బదులు మానసిక వైద్య నిపుణుడు, అత్యవసర వైద్య సహాయకుడు వ్యానులో వెళ్తారు. అది నడిచిన ప్రాంతాల్లో చిన్న నేరాల ఫిర్యాదులు 34 శాతం తగ్గినట్టు ఒక అధ్యయనం చూపించింది. మరోవైపు, ఒరెగాన్‌లోని యూజీన్‌లో 1989 నుంచి నడిచిన ఇలాంటి సేవే డబ్బు చాలక 2025లో ఆ నగరంలో ఆగిపోయింది.

బిల్లు ఎవరు కడుతున్నారు?

1871 నాటి పౌరహక్కుల చట్టం కింద పోలీసులపై నష్టపరిహార దావా వేయవచ్చు. కానీ క్వాలిఫైడ్ ఇమ్యూనిటీ అనే రక్షణను సుప్రీంకోర్టే తన తీర్పుల ద్వారా నిర్మించింది. అధికారి చేసిన పని తప్పని స్పష్టంగా చెప్పిన పాత తీర్పు ఉంటేనే దావా ముందుకు నడుస్తుంది. కాలిఫోర్నియాలోని ఫ్రెస్నోలో సోదాకు వచ్చిన పోలీసులు 2,25,000 డాలర్లకు పైగా విలువైన డబ్బు, అరుదైన నాణేలు కాజేశారని ఇద్దరు దావా వేశారు. వారెంటు మీద స్వాధీనం చేసుకున్న సొత్తును దొంగిలించడం రాజ్యాంగ ఉల్లంఘన అని స్పష్టంగా స్థిరపడలేదంటూ 2019లో అప్పీలు కోర్టు ఆ అధికారులకు రక్షణ ఇచ్చింది.

ఈ రక్షణ దాటి గెలిచినా డబ్బు అధికారి జేబులోంచి రాదు. దేశంలోని పెద్ద పోలీసు శాఖల మీద జరిగిన ఒక అధ్యయనంలో, 2006-2011 మధ్య బాధితులకు చెల్లించిన మొత్తంలో 99.98 శాతం ప్రభుత్వాలే కట్టాయని తేలింది. 2020లో పోలీసు చేతిలో చనిపోయిన జార్జ్ ఫ్లాయిడ్ కుటుంబానికి మినియాపొలిస్ నగరం చెల్లించిన 2.7 కోట్ల డాలర్లూ పన్నుల డబ్బే. పోలీసు శాఖ బడ్జెట్ నుంచి కూడా చాలాచోట్ల కోత పడదు. దెబ్బ తగలని చోట గుణపాఠం ఉండదు.

ఈ లోపం తెలుగు ఇళ్లలో బాగా తెలిసింది సియాటిల్ ఘటనతో. 2023 జనవరి 23న కర్నూలు జిల్లాకు చెందిన ఒక విద్యార్థిని జీబ్రా క్రాసింగ్ దాటుతుండగా పోలీసు కారు ఢీకొట్టి చనిపోయింది. ఒక డ్రగ్ ఓవర్‌డోస్ పిలుపుకు వెళ్తున్న ఆ కారు, 25 మైళ్ల పరిమితి ఉన్న వీధిలో 74 మైళ్ల వేగం అందుకుంది. అంటే గంటకు దాదాపు 119 కిలోమీటర్లు. తర్వాత పోలీసు యూనియన్ ఉపాధ్యక్షుడు ఫోన్లో నవ్వుతూ, ఆమె ప్రాణానికి విలువ తక్కువనీ, పదకొండు వేల డాలర్ల చెక్కు రాస్తే చాలనీ అన్న మాటలు అతని బాడీ కెమెరాలోనే రికార్డయ్యాయి. ఆ వీడియో బయటికి రావడానికి నెలలు పట్టింది. నిర్లక్ష్యాన్ని సందేహానికి తావులేకుండా రుజువు చేయలేమంటూ 2024 ఫిబ్రవరిలో ప్రాసిక్యూటర్లు క్రిమినల్ కేసు పెట్టలేదు. నవ్విన అధికారిని 2024 జులైలో తొలగించారు. కారు నడిపిన అధికారిని తొలగించింది 2025 జనవరిలో, ప్రాణం పోయిన రెండేళ్లకు.

2020 తర్వాత

2020 మే 25న డెరెక్ షోవిన్ అనే అధికారి ఫ్లాయిడ్ మెడ మీద తొమ్మిదిన్నర నిమిషాలు మోకాలు మోపి ఉంచాడు. మొదలైంది ఇరవై డాలర్ల నోటు నకిలీదేమోనన్న ఫిర్యాదుతో. షోవిన్‌కు 22 ఏళ్ల 6 నెలల శిక్ష పడింది. ఇలాంటి శిక్ష అరుదు. పూర్తి వీడియో, సొంత పోలీసు చీఫే వచ్చి వ్యతిరేకంగా ఇచ్చిన సాక్ష్యం, రెండూ ఉండబట్టి సాధ్యమైంది.

చట్టాల్లో మార్పు రాష్ట్రాల నుంచే వచ్చింది. కొలరాడో 2020లో తన రాష్ట్ర చట్టం కింద వేసే దావాల్లో ఆ ఇమ్యూనిటీని తీసేసింది. తప్పని తెలిసీ చేశాడని యజమాని నగరం తేలిస్తే అధికారి తన జేబులోంచి 25,000 డాలర్ల వరకు కట్టాలి. చాలా రాష్ట్రాలు మెడ నొక్కే పట్లను నిషేధించాయి. కాంగ్రెస్‌లో ఫ్లాయిడ్ పేరిట వచ్చిన బిల్లు ప్రతినిధుల సభ దాటింది, సెనేట్‌లో ఆగిపోయింది. అదే ఏడాది దేశంలో హత్యలు దాదాపు 30 శాతం పెరగడంతో ప్రజల మాట కూడా మారింది. పోలీసు శాఖను రద్దుచేసి కొత్త విభాగం పెట్టాలన్న ప్రతిపాదనను 2021 నవంబరులో మినియాపొలిస్ ఓటర్లే తిరస్కరించారు. హత్యలకు ఎక్కువగా బలయ్యే పేటల్లోని నల్లజాతివారికి పోలీసు కావాలి, వేధించని పోలీసు కావాలి. ఈ రెండు కోరికలూ ఒకదానికొకటి అడ్డం కాదన్న సంగతి నినాదాల గోలలో ఎవరి చెవికీ ఎక్కలేదు.

1991లో లాస్ ఏంజెలెస్ పోలీసులు రాడ్నీ కింగ్ అనే నల్లజాతి వ్యక్తిని చితకబాదిన ఘటన తర్వాత వచ్చిన 1994 చట్టం, పోలీసు శాఖలను కోర్టు పర్యవేక్షణ కిందకు తెచ్చే అధికారాన్ని న్యాయశాఖకు ఇచ్చింది. న్యూజెర్సీలోని నెవార్క్ 2016 నుంచి అలాంటి పర్యవేక్షణలో నడిచి, 2020లో తన పోలీసులు ఏడాదంతా ఒక్క తూటా కూడా పేల్చలేదని ప్రకటించింది. ఇలాంటి పనికి ఏళ్లు పడుతుంది, ఖర్చూ ఎక్కువే. 2025 మేలో ట్రంప్ ప్రభుత్వం మినియాపొలిస్, లూయివిల్ నగరాలతో కుదిరిన అలాంటి పర్యవేక్షణ ఒప్పందాలను వదులుకుంది. మినియాపొలిస్‌లో మిన్నెసోటా మానవ హక్కుల విభాగంతో కుదిరిన వేరే ఒప్పందం మాత్రం అమల్లోనే ఉంది.

ఇక ముందు

ఫెడరల్ ప్రభుత్వం వెనక్కి తగ్గితే భారం రాష్ట్రాల మీద, రాష్ట్ర కోర్టుల మీద పడుతుంది. కొలరాడోలో ఉన్నవాడికి ఉన్న హక్కు పక్క రాష్ట్రంలో ఉండకపోవచ్చు. బార్న్స్ తీర్పును కింది కోర్టులు ఎంత గట్టిగా తీసుకుంటాయన్నది రాబోయే కేసుల్లో తెలుస్తుంది. ట్రాఫిక్ పనిని తుపాకీ లేని సిబ్బందికి అప్పగించాలన్న ఆలోచనలు చాలా నగరాల్లో ఇంకా కాగితాల మీదే ఉన్నాయి.

ఈలోగా పోలీసు ఆపడం వల్ల కలిగే నష్టం కొత్త చోటికి పాకింది. స్థానిక పోలీసులకు వలస చట్టాల అమలు అప్పగించే 287-జి ఒప్పందాలు 2025లో వేగంగా పెరిగాయి. అదే ఏడాది వసంతంలో ప్రభుత్వం విదేశీ విద్యార్థుల పేర్లను ఎఫ్‌బీఐ నేర సమాచార నిధితో సరిపోల్చి, పేరు తగిలిన వేలమందికి సెవిస్‌లో, అంటే విదేశీ విద్యార్థుల హోదాను నమోదు చేసే ప్రభుత్వ వ్యవస్థలో, ఉన్న రికార్డులను రద్దు చేసింది. వాళ్లలో ట్రాఫిక్ తప్పు ఉన్నవాళ్లు, కేసు కొట్టేసినవాళ్లు కూడా ఉన్నారు. అమెరికా వలస న్యాయవాదుల సంఘం సేకరించిన ఉదంతాల్లో సగం భారతీయ విద్యార్థులవే. దేశమంతటా దావాలు పడ్డాక ఏప్రిల్ చివర్లో ఆ రికార్డులను తిరిగి చేర్చారు. ఆ వారాల్లో తరగతులు మానేసి, పార్ట్‌టైం కొలువులు వదిలేసి గదుల్లో కూర్చున్న పిల్లల్లో చాలామందికి, పోలీసు తమను ఆపిన రోజున ఏమీ జరగలేదనే గుర్తుంది. చలానా కట్టి వచ్చేశారు. పేరు మాత్రం రికార్డులో ఉండిపోయింది.